ఒకే సెలవులో రెండు నీళ్లు: మామా అల్లుళ్ల గాలపు యాత్రపై ఒక కేస్ స్టడీ

గాలంతో చేపలు పట్టే అభిరుచి ఉన్న అతిథులకు సముద్రంలోనూ మంచినీటిలోనూ యాత్రలు ఏర్పాటు చేయడం హైదరాబాద్‌లో నేను చేస్తున్న పని. ఇక్కడ రాస్తున్న కేసులో పెద్ద చేపలేవీ రికార్డుల కెక్కలేదు. అయినా దీన్ని వివరంగా నమోదు చేయడానికి కారణం ఉంది. ఏ చేప కావాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టే ప్రణాళిక ఎక్కడ చిక్కుబడుతుందో, ఏ నీరు, ఏ రోజు, ఏ మనిషి అన్న ప్రశ్నలతో మొదలుపెడితే అదే సెలవు ఎలా చక్కబడుతుందో ఇంత స్పష్టంగా చూపిన సందర్భం నాకు మరొకటి తారసపడలేదు. వ్యక్తులను గుర్తుపట్టే అవకాశమున్న వివరాలను తొలగించాను, కొన్నింటిని మార్చాను.

నేపథ్యం

వచ్చినవారు ఇద్దరు. మామగారు అరవై దాటినవారు, గోదావరి జిల్లాలో పుట్టి, కాలువగట్టున బొంగు గాలంతో మొదలుపెట్టి, ఉద్యోగరీత్యా ఒక చలిదేశంలో స్థిరపడ్డ తరువాత అక్కడి నదుల్లో ఫ్లై రాడ్‌తో, అంటే ఈకలతో, నూలుతో కట్టిన తేలికపాటి ఎర (ఫ్లై) విసిరే గాలంతో, ట్రౌట్, సాల్మన్ పట్టడంలో దశాబ్దాల అనుభవం గడించినవారు. అల్లుడు అక్కడే పెరిగిన యువకుడు. అతనికి సముద్రమే ఇష్టం, అందులోనూ పగడపు దిబ్బల అంచున పెద్ద పార చేపలను పాపర్‌తో, అంటే నీటి మీద చప్పుడు చేస్తూ తేలే ఎరతో, రెచ్చగొట్టి పట్టడమంటే ప్రాణం.

అంతకు మునుపు ఒకసారి వీరు వేరొక నిర్వాహకుని ద్వారా సెలవు గడిపారు. పిల్లల బడి సెలవులను బట్టి జూన్ మొదటి వారాన్ని ఎంచుకొని, విశాఖ తీరంలో లోతు సముద్రపు వేటకు డబ్బు కట్టారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుందని వారికి ఎవరూ చెప్పలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రానికి విరామమిచ్చే ఆ నియమం చాలా అవసరమైనది, దాన్ని తప్పించుకొనే దారి వెతకడం మా వృత్తిలో ఎవరూ చేయకూడని పని. పర్యవసానంగా వారు రోజుల తరబడి హోటల్లో కూర్చొని, చివరికి రేవు గోడ మీద నుంచి చిన్న చేపలు పట్టి తిరిగి వెళ్లారు. మా దగ్గరికి వచ్చేనాటికి మామగారిలో నిరాశ కన్నా అపనమ్మకం ఎక్కువగా కనిపించింది.

వచ్చిన సమస్య

ఈసారి రాక ఒక పెళ్లి కోసం. మాఘ శుద్ధ దశమి నాడు హైదరాబాద్‌లో ముహూర్తం. దానికి ముందు పది రోజులు, తరువాత పది రోజులు వారి చేతిలో ఉన్నాయి. కోరికల జాబితా మాత్రం పెద్దది: అండమాన్‌లో పెద్ద పార చేప, అంటే జెయింట్ ట్రెవల్లీ, బ్యారెన్ ద్వీపం దగ్గర రెండు రాత్రులు బోటులోనే గడుపుతూ వేట, హిమాలయ నదిలో బంగారు మహసీర్ అనే పెద్ద నది చేప, వీలైతే కావేరిలో మూపురపు మహసీర్.

జాబితాను అలాగే పక్కన పెట్టి నేను అడిగిన మొదటి ప్రశ్న చేపల గురించి కాదు. ఒక రోజులో ఎన్ని గంటలు నిలబడి గాలం విసరగలరని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. అల్లుడి జవాబు వెంటనే వచ్చింది. మామగారు కాస్త తటపటాయించి, రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారనీ, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాననీ, కుడి భుజం అప్పుడప్పుడు పట్టేస్తుందనీ చెప్పారు. పెద్దవారు ఇలాంటి సంగతులను మొదట్లోనే చెప్పరు. చెబితే యాత్రకు వద్దంటారేమోనన్న భయం వారికి ఉంటుంది. అందుకే ఆ ప్రశ్నను అనుమతి కోసం అడిగే ధోరణిలో కాక, పని విభజన కోసం అడుగుతున్నట్టు అడగాలి.

ఆ సమాచారంతో సమస్య వేరే రూపం తీసుకుంది. సామర్థ్యంలో పొంతన లేని ఇద్దరు మనుషులు, కదల్చడానికి వీలులేని ఒక ముహూర్తం, ఒకదానితో ఒకటి కలవని మూడు నీళ్ల ఋతువులు. చేపల కొరత ఇందులో ఎక్కడా లేదు.

మొదట వదులుకున్నవి

హిమాలయ మహసీర్‌ను మొదట తీసేశాను. మహాకాళి, సరయూ నదులు కలిసే పంచేశ్వర్ దగ్గరైనా, రామగంగ మీదైనా మహసీర్‌కు మంచి కాలాలు రెండు: వానలు వెనకబట్టాక వచ్చే శరదృతువు ఒకటి, మార్చి నుంచి వేసవి వానలకు ముందు వరకు ఉండే వసంతం మరొకటి. మాఘమాసపు చలినీటిలో ఆ చేప లోతు గుండాల్లో మందకొడిగా పడి ఉంటుంది. రెండు రోజుల రాకపోకలు, కొండదారి నడక, ఆపైన చల్లని నీరు కలిసి పది రోజుల్లో సగం తినేస్తాయి. దక్కేదేమో అదృష్టం మీద ఆధారపడుతుంది.

కావేరి సంగతి వేరు. దక్షిణాది నది కనుక ఋతువు అంత ప్రతికూలం కాదు. కానీ వారు కలలుగన్న మూపురపు మహసీర్‌కు 2018లో టోర్ రెమదేవి అన్న శాస్త్రీయ గుర్తింపు ఖరారైంది, అదే ఏడాది అది తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరింది. ఒకప్పుడు భీమేశ్వరి, గాలిబోరె వంటి చోట్ల ఉన్న గాలపు శిబిరాలు కావేరి వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోనివి, అక్కడ గాలం వేయడం ఆగిపోయి పదేళ్లు దాటింది. కొడగు ప్రాంతంలో పట్టి విడిచిపెట్టే పద్ధతిలో ఒక సంఘం చూసుకుంటున్న నదీభాగం ఉంది, అనుమతితో అక్కడికి వెళ్లవచ్చు. అయితే ఆ యాత్రను ఈ సెలవులో కుదిస్తే అండమాన్ రోజులు తగ్గుతాయి, రెండూ అరకొరగా మిగులుతాయి. అందుకని దాన్ని మరో ఏడాదికి అట్టేపెట్టమని చెప్పాను. మామగారు ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మంచినీళ్లే లేవన్నమాట" అన్నారు. ఆ మాటలో ఉన్న లోటును తీర్చకపోతే ఎంత పెద్ద పార చేప పడినా ఈ సెలవు ఆయనకు సగమేనని నాకు అర్థమైంది.

బ్యారెన్ ద్వీపాన్ని కూడా తీసేశాను. అది పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రియాశీల అగ్నిపర్వతం, దిగడానికి అనుమతి లేదు. స్టెంట్ ఉన్న మనిషికి రాత్రిపూట ఛాతీలో నొప్పి వస్తే తీరానికి చేరడానికే ఎన్నో గంటలు పడుతుంది. ఆ దూరం నాకు సమ్మతం కాలేదు. ఆసుపత్రి ఉన్న రేవుకు రెండు గంటల లోపు తిరిగి రాగలిగే నీళ్లలోనే ఉండాలన్న గీత గీసుకున్నాను.

పంచాంగం చెప్పిన పోటు

అల్లుడు మొదట అండమాన్‌ను పెళ్లికి ముందు పెట్టమని అడిగాడు, పెళ్లి తరువాత విశ్రాంతి తీసుకోవచ్చునని అతని ఆలోచన. నేను అంగీకరించకపోవడానికి కారణం తిథి. అమావాస్య, పున్నమి తరువాతి ఒకటి రెండు రోజుల్లో పోటుపాట్లు బలంగా ఉంటాయి, అష్టమి చుట్టుపక్కల నీరు మందగిస్తుంది. పెద్ద పార చేప దిబ్బల అంచున, ప్రవాహం గట్టిగా విరిగే చోట కాచుకొని ఉండి, నీటి ఉరవడికి తట్టుకోలేక తడబడే చిన్న చేపల మీద పడుతుంది. ప్రవాహం లేని రోజున ఆ అంచు మీద ఎన్ని గంటలు విసిరినా శ్రమే మిగులుతుంది. శుద్ధ దశమి పెళ్లి అంటే, దానికి ముందున్న రోజుల్లో చాలావరకు అష్టమి వైపు మందగించే రోజులు. పెళ్లి తరువాత త్రయోదశి నాడు విమానం ఎక్కితే పున్నమి బలం మొత్తం చేతికి వస్తుంది. ఆ తరువాత బహుళ పక్షంలో నీరు నెమ్మదించే రోజుల్లో లోతులో నిలువుగా జిగ్ అనే బరువైన లోహపు ఎరను దించే వేట కుదురుతుంది, ఎందుకంటే ప్రవాహం బలంగా ఉన్నప్పుడు జిగ్ అడుగుకు చేరకుండానే పక్కకు కొట్టుకుపోతుంది.

ఇదంతా పంచాంగం తెరిచి చూపించినప్పుడు మామగారి ముఖంలో మొదటిసారి నమ్మకం కనిపించింది. గోదావరి ముఖద్వారం దగ్గర పెరిగినవారికి పున్నమి పోటు ఎవరూ నేర్పనక్కర్లేదు. సముద్ర వేట గురించి తెలుగువారితో మాట్లాడేటప్పుడు విదేశీ యాప్‌ల గీతల కన్నా తిథితో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఆ తరువాత గంటల లెక్కకు పోటుపట్టిక ఎలాగూ కావాలి.

ఊరి చెరువు

పెళ్లికి ముందున్న రోజుల్లో చుట్టాల రాకపోకలు ఉంటాయి కనుక రాత్రికి ఇంటికి చేరే ప్రయాణాలే వీలవుతాయి. మంజీరా జలాశయం పేరు వారే ప్రస్తావించారు. అది 1978 నుంచి అభయారణ్యం, మొసళ్ల ఆవాసం, అక్కడ గాలం ప్రసక్తే లేదు. నగరానికి సుమారు రెండు గంటల దూరంలో తామర, గుర్రపుడెక్క పరుచుకొన్న ఒక ఊరి చెరువును ఎంచుకున్నాను. లక్ష్యం కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు మన మార్కెట్లలో ఎంత గిరాకీ ఉంటుందో అందరికీ తెలుసు గానీ, గాలానికి అది ఎంత గొప్ప ప్రత్యర్థో తెలిసినవారు తక్కువ.

తెలంగాణ చెరువుల్లో చేపల మీద హక్కు చాలావరకు స్థానిక మత్స్య సహకార సంఘాలది. ఎవరో ఒకరికి డబ్బు చేతిలో పెట్టి గట్టు మీద కూర్చోవడం మా పద్ధతి కాదు, అది ఆ సంఘ సభ్యుల జీవనోపాధిని తేలిక చేయడమే అవుతుంది. సంఘ పెద్దలను ముందే కలిసి, రుసుము సంఘానికే చెల్లించి, రసీదు తీసుకున్నాం. పట్టిన చేపను తిరిగి వదులుతామంటే అధ్యక్షుడు ఒప్పుకోలేదు. "పట్టినంక ఇడిసిపెట్టుడేంది సార్, అది మాకియ్యుండ్రి" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది: ఆ చేప ఎవరి వినోదం కోసమో పెరిగింది కాదు. కిలో దాటిన కొర్రమీను సంఘానికి అప్పగించేలా, చిన్నవాటిని నీళ్లలో వదిలేలా మాట కుదిరింది. పట్టి విడిచిపెట్టడాన్ని అన్ని నీళ్లకూ ఒకే ధర్మంగా పాటించే అతిథులకు ఈ ఏర్పాటును వివరించి చెప్పాల్సి వస్తుంది. ఇద్దరూ వెంటనే అర్థం చేసుకున్నారు.

ఆచరణలో మొదటి ప్రయత్నం విఫలమైంది. చలిదేశపు అలవాటుతో మామగారు తెల్లవారుజామునే నీటి ఒడ్డున ఉండాలన్నారు. మాఘమాసపు ఉదయం చల్లగా, నీరు ఇంకా చల్లగా ఉంది. కప్ప ఆకారపు రబ్బరు ఎరను ఆకుల మీదుగా ఎంత లాగినా కదలిక లేదు. కొర్రమీను నీటిలోని గాలితో పాటు పైకి వచ్చి గాలి పీల్చుకొనే చేప కనుక అది ఎక్కడుందో ఉపరితలం మీద చిన్న బుడగలు, ఆకు కదలికలు చెబుతాయి. ఆ ఉదయం అవి కూడా చాలా అరుదుగా కనిపించాయి. ఎరలు మార్చడం, చోటు మార్చడం వల్ల ఫలితం రాలేదు. ఆ రోజుకు ఆపేసి, మరో రోజు పదింటి తరువాత, ఎండ లోతు తక్కువ మడుగులను వెచ్చబెట్టాక మొదలుపెట్టాం. ఎర అదే, చెరువు అదే. ఆకుల అంచున నీరు పగిలినట్టు చప్పుడైంది. మామగారు తొందరపడకుండా, చేప కప్పను నోట కరచుకొని తల తిప్పేదాకా ఆగి, అప్పుడు రాడ్ ఎత్తారు. ట్రౌట్ నేర్పిన ఓర్పు ఇక్కడ పనికొచ్చింది. అల్లుడు మాత్రం చప్పుడు వినగానే లాగేసి చాలా చేపలు పోగొట్టుకున్నాడు. మధ్యాహ్నానికి మామగారే అతని పక్కన నిలబడి, "ఆగు నాన్నా, దాన్ని మింగనీ" అంటూ నేర్పించడం చూశాను.

వానాకాలం ఆరంభంలో అయితే ఈ చేప మీదికి నేను అతిథులను తీసుకెళ్లను. అప్పుడు తల్లిదండ్రులు ఎర్రటి పిల్లల గుంపును కాపలా కాస్తూ ఎదురుగా వచ్చిన దేన్నయినా కరుస్తాయి. వాటిని పట్టడం చాలా సులభం, ఆ సులువే దాన్ని తప్పు చేస్తుంది. కాపలా పోయిన పిల్లలను మిగిలిన చేపలు నిమిషాల్లో తినేస్తాయి.

సముద్రంలో ఎదురైన చిక్కు

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చినా, బోటువాళ్ల నోట ఇప్పటికీ పాత పేరే వినిపిస్తుంది. బయలుదేరే ముందే రెండు విషయాలు పరిష్కరించాం. మొదటిది సామాను: దేశీయ విమానాల్లో సాధారణంగా దొరికే 15 కిలోల పరిమితిలో 150 గ్రాముల పాపర్లు, 300 గ్రాముల జిగ్‌లు ఇట్టే నిండిపోతాయి కనుక అదనపు బరువును ముందే కొనిపించాం, కొక్కేలన్నీ చెక్ఇన్ పెట్టెలోకి మార్పించాం. రెండవది మరింత ముఖ్యం. అల్లుడి సంచిలో ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరం ఉంది. విదేశాల్లో సముద్రానికి వెళ్లేవారు భద్రత కోసం తెచ్చుకొనే ఆ పరికరం మన దేశంలో ముందస్తు అనుమతి లేకుండా వాడటం, దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం, విమానాశ్రయాల్లో దాని వల్ల అరెస్టయిన విదేశీయులున్నారు. వారు తమ దేశం నుంచి బయలుదేరే ముందే దాన్ని ఇంట్లో పెట్టి రమ్మని రాశాం.

చతుర్దశి నాడు ఇద్దరూ ఒకే బోటులో దిబ్బల అంచుకు వెళ్లారు. ఈ వేట ఎంత బరువైనదో చూడనివారికి చెప్పడం కష్టం. పీఈ 8 మందపు దారం, ఎర దగ్గర కట్టే 150 పౌండ్లకు పైగా తట్టుకొనే లీడర్ దారం, పెద్ద రీల్, ఊగే బోటు ముంగిట నిలబడి రోజుకు వందల సార్లు దూరంగా విసిరి, ప్రతిసారీ పాపర్‌ను నీటి మీద బలంగా కుదుపుతూ తేవాలి. చేప పడితే మొదటి కొద్ది క్షణాల్లోనే దాన్ని ఆపాలి, లేకపోతే అది పగడపు దిబ్బ కిందికి దూరి దారం కోసేస్తుంది. అల్లుడికి పోటు తిరిగిన గంటలోనే మంచి చేప దక్కింది. మామగారు కాసేపు విసిరి, భుజం పట్టుకొని కూర్చున్నారు. "మీరు కానివ్వండి బాబూ, నేను చూస్తుంటాను" అన్నారు అల్లుడితో. చూస్తూ కూర్చోవడానికి ఎవరూ అంత దూరం రారు.

ముందుగా సిద్ధం చేసుకున్న ప్రత్యామ్నాయం తేలిక సామగ్రి. పీఈ 4 దారం, 60 గ్రాముల ఎర, పొట్టి రాడ్ ఇచ్చాం. విసరడం ఆయనకు సులువైంది. కానీ ఎర తేలికైనంత మాత్రాన దాన్ని కరిచే చేప చిన్నది కాదు. పున్నమి ప్రవాహంలో పడిన ఒక పెద్ద పార చేప రీల్‌లోని దారమంతా లాక్కొని దిబ్బ మీద తెంపుకొని పోయింది, నోట్లో కొక్కేలతో సహా. దారం తెగని సందర్భంలో పోరాటం చాలాసేపు సాగింది. అది స్టెంట్ ఉన్న మనిషికీ మంచిది కాదు, చేపకూ మంచిది కాదు. ఎక్కువసేపు పోరాడి పూర్తిగా అలసిపోయిన చేపను విడిచిపెట్టినా అది బతికే అవకాశం తగ్గుతుంది, సొరచేపలు దాన్ని సులువుగా అందుకుంటాయి. ఆ సాయంత్రమే దిబ్బల మీద తేలిక సామగ్రిని ఆపేశాం.

పనిచేసిన మార్పు

ఆ రాత్రి మేం వేసుకున్న ప్రశ్న ఇది: ఈయన చేతుల్లో ఇప్పటికే ఉన్న విద్యకు సరిపడే ఉప్పునీరు ఎక్కడుంది? ఫ్లై విసరడంలో దారం బరువే ఎరను తీసుకెళుతుంది, బలం కన్నా లయ ముఖ్యం. అండమాన్ మడ అడవుల మధ్య సాగే పాయల్లో మాంగ్రోవ్ జాక్, చిన్న పార చేపలు, పండుగప్ప ఉంటాయి. ఆటు మొదలైనప్పుడు వేళ్ల మధ్య దాగిన చిన్న చేపలు నీటితో పాటు పాయ నోటికి కొట్టుకొస్తాయి, వేటచేపలు అక్కడ కాచుకుంటాయి. దిబ్బల మీద అల్లుడికి ఏ పున్నమి బలం పనికొస్తుందో, పాయల్లో మామగారికీ అదే బలం పనికొస్తుంది. నీరు ఎంత ఎత్తుకు ఎక్కితే అంత మడ అడవి మునుగుతుంది, దిగేటప్పుడు అంత ఉరవడిగా ఖాళీ అవుతుంది.

అయితే ఇద్దరికీ కావలసింది అవే గంటలు కనుక ఒకే బోటుతో కుదరదు. బ్యారెన్ ప్రయాణాన్ని తీసేయడం వల్ల మిగిలిన డబ్బుతో ఒక చిన్న డింగీని విడిగా తీసుకున్నాం. దాన్ని నడిపినవాడు శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబపు కుర్రవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో అలాంటి తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఇది కేవలం సౌకర్యం కోసం చేసిన ఎంపిక కాదు. నొప్పి, అలసట వంటివి మనిషి తన భాషలోనే తడుముకోకుండా చెబుతాడు, గుండె జబ్బు ఉన్న అతిథికి అదొక భద్రతా ఏర్పాటు.

పాయల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి కనుక నీళ్లలో దిగకూడదన్నది మొదటి నియమం, ఫ్లై వేసేవారికి దిగి నడిచే అలవాటు బలంగా ఉంటుంది కాబట్టి దీన్ని పదేపదే చెప్పాం. కొక్కేల వెనుక ముల్లును పటకారుతో నొక్కేయించాం. రక్తం పలచబడే మాత్రలు వాడేవారి చేతిలో కొక్కెం దిగితే ముల్లు ఉన్నదానికీ లేనిదానికీ చాలా తేడా ఉంటుంది, చేపను విడిచిపెట్టడమూ తేలిక. ఒత్తి కట్టడానికి పట్టీలు, ఆయన డాక్టరు రాసిన కాగితం డింగీలోనే ఉంచాం. ఎండ ముదిరేలోపు వేట ముగించాలన్న కట్టుబాటు ఆయనే పెట్టుకున్నారు.

తొమ్మిదో నంబరు ఫ్లై రాడ్‌తో మామగారు మొదటి రోజు ఖాళీగానే తిరిగొచ్చారు, అయినా భుజం గురించి ఒక్క మాట అనలేదు. రెండో రోజు ఆటు నడుమ వేళ్ల పక్కన వేసిన ఫ్లైని ఒక మాంగ్రోవ్ జాక్ అందుకుంది. "లాగండి బాబు గారూ, వేళ్లలోకి పోనీయకండి" అని కుర్రవాడు కేకవేసిన తీరును ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్లీ మళ్లీ అనుకరించి చెప్పారు. అల్లుడు దిబ్బల మీద తన పని తాను చేసుకున్నాడు. నీరు నెమ్మదించిన చివరి రోజుల్లో జిగ్‌కు మారాడు, ఒక పూట మామగారితో పాటు డింగీలో కూర్చొని ఫ్లై విసరడం నేర్చుకున్నాడు. ఆ పూట మా ప్రణాళికలో లేదు.

ఈ కేసు తరువాత మారినవి

మా ప్రశ్నావళిలో చేప పేరు ఇప్పుడు చివరికి వెళ్లింది. మొదట ఆరోగ్యం, నిలబడే శక్తి, ఇప్పటికే చేతికి వచ్చిన విద్య, తరువాత కదల్చలేని తేదీలు, ఆ తేదీలకు నీరు ఎలా ఉంటుంది, అప్పుడు చేప. ఒక కుటుంబం నుంచి ఇద్దరు వచ్చినప్పుడు ఒకే బోటు అన్నది ముందే అనుకొనే విషయంగా ఉండకూడదు. పక్కపక్కనే కూర్చోబెట్టడం కన్నా సాయంత్రం ఒకే బల్ల దగ్గర చెప్పుకోవడానికి ఇద్దరికీ సొంత కథ ఉండటం ఆ బంధానికి ఎక్కువ మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. సామగ్రిని తేలిక చేస్తే శ్రమ తగ్గుతుందన్న లెక్క దిబ్బల దగ్గర చెల్లదు. శ్రమ తగ్గించాలంటే నీటినే మార్చాలి.

మామగారు మహసీర్‌ను మరచిపోలేదు. వచ్చే ఏడాది మార్చి నెలాఖరుకు పంచేశ్వర్ వెళ్దామని రాశారు. గుండె డాక్టరు పరీక్ష ఫలితం, కొండ దారిలో రోజుకు ఎంత నడవగలరన్న వివరం పంపమని జవాబిచ్చాను. నడక కష్టమని తేలితే అదే కాలానికి కొడగులో వాహనం నది ఒడ్డు దాకా వెళ్లే చోటు కోసం అనుమతికి దరఖాస్తు పెడతాం. రెండింటికీ తేదీలు చూసి ఉంచాను.